బొమ్మల సినిమాలన్నీ పిల్లల సినిమాలు కావు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో పిల్లలతో కలిసి చూడదగ్గ చిత్రాల జాబితా ఇచ్చారు. యంత్రాల గుప్పిట్లో చిక్కిన చీకటి నగరంలో పిశాచాలను వేటాడే పోలీసుల యానిమేషన్ చిత్రాన్ని కూడా అందులో చేర్చారు. అది నాకెంతో నచ్చిన సినిమా. కానీ పిల్లలకు చూపించాల్సింది ఎంతమాత్రం కాదు.

ఒక ఘట్టం చెబుతాను. పిశాచం కాటు పడిన పోలీసు గోడకు చేరగిలబడి, తనను కాల్చేయమని తోటివాణ్ని బతిమాలుతాడు. గొంతు ఇంకా మనిషిదే. తుపాకీ పట్టిన ఆ తోటివాడిది ఉక్కు చెయ్యి కాబట్టి అది వణకదు. ముఖం మాత్రం వణుకుతుంది. తూటా పేలాక కూడా దర్శకుడు మన చూపును పక్కకు తిప్పనివ్వడు. ఎదుటివాడికి రాక్షసుడనే ముద్ర పడితే చాలు, ఇక విచారణ అక్కర్లేదు, న్యాయస్థానం అక్కర్లేదు. అంత అధికారం చేతికొచ్చిన పోలీసు చివరికి ఏమవుతాడన్నదే కథంతా. పెద్దవాళ్లు దాని గురించి రోజుల తరబడి ఆలోచిస్తారు. ఎనిమిదేళ్ల పాపకు మిగిలేది ఆ ముఖమూ, నిద్రపట్టని రాత్రులూ.

ఇలాంటి చిత్రాలు విరివిగా వచ్చే జపాన్‌లో 1949లో ఏర్పడిన ఎయిరిన్ అనే సంస్థ ఉంది. అది ఇప్పుడు సినిమాలకు చూసేవారి వయసును బట్టి జి (అందరూ చూడొచ్చు), పీజీ12 (పన్నెండేళ్లు నిండనివారికి పెద్దల తోడు, సలహా అవసరం), ఆర్15+, ఆర్18+ అని నాలుగు తరగతులు ఇస్తోంది. ఆర్15+ చిత్రానికి పదిహేనేళ్లు నిండనివారిని హాల్లోకి రానివ్వరు. బొమ్మలతో తీశారా, నటులతో తీశారా అన్నదాన్ని బట్టి ఈ కొలమానం మారదు. 1988లో కత్సుహిరో ఒతోమో తీసిన 'అకిరా', 1995లో మమొరు ఒషీ తీసిన 'ఘోస్ట్ ఇన్ ద షెల్' అనే యానిమేషన్ చిత్రాలు పిల్లల కాలక్షేపానికి తీసినవని ఆ రెండూ చూసినవారెవరూ అనరు.

ఇలాంటి వాటిని అసలు నిషేధించాలనేవారూ ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. ఇంత నిక్కచ్చిగా అధికారాన్ని నిలదీసే కథలు నటులతో తీసిన సినిమాల్లోనే అరుదు. నిషేధిస్తే నష్టపోయేది పెద్దలే.

ఇకపై మీరిచ్చే ప్రతి యానిమేషన్ చిత్రం పేరు పక్కన వయోపరిమితి అచ్చువేయండి. ఈ చిత్రాన్ని పిల్లల పేజీ నుంచి తీసి, సినిమా పేజీలో సమగ్రమైన సమీక్ష రాయించండి. ముందుగా, ఆదివారం నాటి జాబితాకు సవరణ ప్రచురించండి. దాన్ని నమ్మి ఈ వారమే పిల్లలను టీవీ ముందు కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు