స్టేటస్ పెడితే మెమోనా? ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి నమస్కారం.

అయ్యా, నేను ఇరవై ఏళ్లుగా బడిపంతుల్ని. మొన్న స్టాఫ్‌రూమ్‌లో మా లెక్కల మాస్టారు మెమో పట్టుకుని కూర్చున్నారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. డీఏ (కరవు భత్యం) బకాయిలు ఎప్పుడిస్తారని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టడమే ఆయన చేసిన నేరం. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపారు. ముందున్న టీ మీద మీగడ కట్టింది, ఆయన ముట్టుకోలేదు.

ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి మాకు తెలియనిది కాదు. పార్టీలో చేరకూడదు, ప్రచారం చేయకూడదు. ఒప్పుకుంటాం. పోలింగ్ బూత్‌లో కూర్చునేది మేమే కదా, ఆ కట్టడి ఉండాల్సిందే. చిక్కంతా అందులో కూడదన్న ‘ప్రభుత్వంపై విమర్శ’ అన్న మాటతోనే. రావాల్సిన డబ్బు అడిగితే విమర్శ ఎలా అవుతుంది? అన్నట్టు, నాయకుల్ని పొగిడే పోస్టులకు మెమో వచ్చిందని నేనింతవరకు వినలేదు.

ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిటైర్మెంట్‌కు కొద్ది రోజుల ముందు సస్పెండైన ఒక మహిళా ఉద్యోగి ఫేస్‌బుక్ పోస్టు విషయంలో 2020లో త్రిపుర హైకోర్టు కూడా ఉద్యోగి పక్షానే నిలిచింది.

అడిగేది ఒక్కటే. సోషల్ మీడియాలో ఏది రాయొచ్చో, ఏది రాయకూడదో ఉదాహరణలతో సహా తెలుగులో ఒక సర్క్యులర్ ఇప్పించండి. అది వచ్చేదాకా ఇలాంటి మెమోలు ఆపించండి. మా మాస్టారి గడువు సోమవారంతో తీరిపోతుంది.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు