ముందు చెత్త డబ్బా కడగండి, ఫినాయిల్ ఆ తర్వాతే: మా కస్టమర్లకు ఒక మాట

మా దగ్గర ఫినాయిల్ కొనే అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం.

నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి వెనక షెడ్డులో ఫినాయిల్ కలిపి, బండి మీద వీధి వీధీ తిరిగి అమ్మడం మొదలుపెట్టి ఆరేళ్ళు దాటింది. నెలకోసారి నేనో, మా ఆవిడో మీ గుమ్మం ముందుకు వస్తూనే ఉన్నాం. ఈ సంగతి గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి రాస్తున్నాను. కొన్ని సరుకులు ఆపేస్తున్నాను, ఫినాయిల్ ధర కొంచెం పెరుగుతుంది. దానికంటే ముందు, ఇన్నేళ్ళూ మీకు చెప్పిన ఒక మాట తప్పని ఒప్పుకోవాలి.

"చెత్త డబ్బా కంపు కొడుతోందా? రాత్రి పడుకునే ముందు ఒక మూత ఫినాయిల్ పోయండి, తెల్లారేసరికి ఏమీ ఉండదు." ఈ మాట మీలో చాలామందికి నేనే చెప్పాను. నమ్మే చెప్పాను. మా ఇంట్లోనూ అదే చేశాం.

పోయిన నెల బాలాజీనగర్‌లో ఒక పెద్దామె నన్ను ఆపారు. "ఏందబ్బయా, నువ్వు చెప్పినట్టే రోజూ పోస్తానే ఉండా. పురుగులు పడతానే ఉండాయి. సరుకులో నీళ్ళు ఎక్కువైనాయేమో చూసుకో" అన్నారు. నాకు చురుక్కుమంది. "డబ్బా ఒకసారి చూపించమ్మా" అన్నాను.

పెరట్లో కుళాయి పక్కన ఉంది. కాలితో తొక్కితే మూత లేచే రకం, పైకి శుభ్రంగానే ఉంది. కవరు బయటికి తీసి చూస్తే అడుగున రెండు వేళ్ళ మందాన ఊట నీళ్ళు, అందులో నా ఫినాయిల్ పాలలాగా తేలుతోంది. ఆదివారం రొయ్యలు వలిచారట, తలకాయలు కవరుకు గుచ్చుకుని చిల్లులు పడ్డాయి. మూత లోపలి అంచు మడతలో మెతుకులు అంటుకున్నట్టు కనిపించాయి. చీపురు పుల్లతో కదిపితే మెతుకులు పాకాయి. "అమ్మా, దీన్ని కడిగి ఎన్నాళ్ళయింది?" అంటే, ఆమె నిజంగానే ఆశ్చర్యపోయారు. "కడిగేదేంది, కవరేస్తాం గదా!"

తప్పు ఆమెది కాదు. కడగమని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. ఫినాయిల్ అమ్మేవాడిగా నాకు తెలిసి ఉండాల్సిన సంగతి ఇది: జిడ్డు, కుళ్ళు, ఊట పేరుకుని ఉన్నచోట ఏ క్రిమి సంహారక మందూ సరిగా పనిచేయదు. మందు బలమంతా ఆ మురికి మీదే అయిపోతుంది, కింద ఉన్న క్రిములు అలాగే ఉంటాయి. ఫినాయిల్ అయినా, బ్లీచింగ్ అయినా అంతే. మన ముక్కుకు ఫినాయిల్ వాసన తగులుతుంది, శుభ్రమైందనుకుంటాం.

ఆ పురుగులు ఈగ పిల్లలు. ఈగ ఒక విడతకు వంద దాకా గుడ్లు పెడుతుంది. తడి చెత్తలో అవి ఒక్కరోజులోపే పగులుతాయి. మన ఊరి వేడికి గుడ్డు నుంచి ఈగ కావడానికి వారం, పది రోజులు చాలు. పురుగు ముదిరాక పొడి చోటు వెతుక్కుంటూ పైకి పాకుతుంది, అందుకే మూత మడతలో కనిపిస్తాయి. పెద్దామె ఇంట్లో చెత్త రోజూ చెత్త బండికి పోతూనే ఉంది. అడుగున ఉన్న ఊట మాత్రం కదల్లేదు, ఈగలకు అది చాలు. ఈగ నమలలేదు. తిండి మీద వాలి ఉమ్మి కక్కి, దాన్ని కరిగించి పీల్చుకుంటుంది. డబ్బా మీద వాలిన కాళ్ళతోనే వచ్చి అన్నం మీద వాలుతుంది. నీళ్ళ విరేచనాలు, జిగట విరేచనాలు, టైఫాయిడ్ కలిగించే క్రిములు అలా కూడా ఇంట్లోకి వస్తాయి. పాకే బిడ్డలున్న ఇళ్ళలో నాకు ఇంకా భయం. ఆ డబ్బా పిల్లల చేతికి అందే ఎత్తులోనే ఉంటుంది, పట్టుకున్న చెయ్యి తిన్నగా నోట్లోకే పోతుంది.

రాత్రిపూట బొద్దింకలు, ఎలుకలు. బొద్దింకల రెట్టలు, రాలిన పొట్టు దుమ్ములో కలిసి ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం పెంచుతాయి. ఎలుక మూత్రం కలిసిన తడి, కాలి మీద చిన్న గాటు ఉన్నా లోపలికి పోయి ఎలుక జ్వరం తెస్తుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి భగత్‌సింగ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక బురదలో ఎవరి డబ్బా ఎవరి వాకిట్లో ఉందో తెలియదు. అప్పుడు కూడా నేను బ్లీచింగ్ పంచాను గాని, ముందు రుద్ది కడగండి అనలేదు.

ఆ రోజు పెద్దామె ఇంట్లో కూర్చుని డబ్బా నేనే కడిగాను. నాలుగు రోజుల తర్వాత వెళ్ళి చూస్తే ఒక్క పురుగు లేదు. మా ఇంట్లో ఇప్పుడు చేస్తున్నది కూడా అదే, మీకూ అదే చెబుతున్నాను. ఊట నీళ్ళు వీధిలో పారబోయకుండా బాత్రూమ్‌లో పోయండి. సర్ఫ్ కలిపిన నీళ్ళతో, ఆ పనికే ఉంచుకున్న బ్రష్‌తో లోపల, అడుగున, మూత మడతలో, కాలితో తొక్కే చోట బాగా రుద్దండి. మంచినీళ్ళతో కడిగేయండి. ఆ తర్వాతే మందు. బ్లీచింగ్ అయితే లీటరు నీళ్ళకు రెండు టీ స్పూన్లు, అంతటా తడిసేలా చేసి పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. చేతికి గ్లౌజులు ఉండాలి. ఆ నీళ్ళు ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవుంటే బలం పోతుంది. చివరిగా డబ్బాను మిద్దె మీద ఎండలో బోర్లించండి. ఈ ఎండబెట్టడమే అందరం వదిలేసేది. పూర్తిగా ఆరాక అడుగున రెండు పేపర్లు మడిచి వేసి, పైన కవరు వేసుకోండి. వంటింటి తడి చెత్త డబ్బాకు వారంలో రెండుసార్లు ఇలా చేస్తే ఈగ గుడ్డుకు ఈగయ్యేంత వ్యవధి దొరకదు. పొడి చెత్త డబ్బాకు పదిహేను రోజులకోసారి చాలు.

ఇక చేపలు, రొయ్యల సంగతి. ఆదివారం నెల్లూరులో నీచు వాసన రాని వీధి ఉండదు కదా. పొట్టు, తలకాయలు, పొలుసు డబ్బాలో వేయకండి. గట్టి కవరులో మూటగట్టి ఫ్రిజ్‌లో పైన ఐస్ పెట్టే అరలో పెట్టి, పొద్దున చెత్త బండి వచ్చినప్పుడు ఇచ్చేయండి. మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు, ఐస్ పెట్టుకునే చోట చెత్తా అని. రెండు కవర్లు వేసి మూత డబ్బాలో పెడతామన్నాక ఒప్పుకుంది. పెరడు ఉన్నవాళ్ళు చెట్టు మొదట్లో మూరెడు లోతున పూడ్చిపెట్టినా మేలే. పైపైన పూడిస్తే కుక్కలు తవ్వుతాయి.

ఇప్పుడు చెప్పేది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. వేసవిలో ఒక ఇంటి యజమాని నా దగ్గరే బ్లీచింగ్ పౌడరూ, బాత్రూమ్ యాసిడూ రెండూ కొన్నారు. రెండూ కలిస్తే మురికి ఇంకా బాగా పోతుందనుకుని, చెత్త డబ్బాలో బ్లీచింగ్ చల్లి పైన యాసిడ్ పోశారు. తలుపు వేసిన బాత్రూమ్. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అది గాలికన్నా బరువు, కిందనే నిలుస్తుంది. వంగి రుద్దుతున్న మనిషి ముఖానికే కొట్టింది. కళ్ళు మంటలు, ఆగని దగ్గు, గోడ పట్టుకుని బయటికి వచ్చారట. ఒక రాత్రి ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నారు, ఇప్పుడు బాగున్నారు. విడి యాసిడ్ కొనేవాళ్ళ వివరాలు రిజిస్టర్‌లో రాయాలని, గుర్తింపు కార్డు చూడాలని, 18 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. రిజిస్టర్ రాశాను, కార్డు చూశాను. కాని "ఈ రెండూ కలపొద్దన్నా" అనే ఒక్క మాట అనలేదు.

అందుకే యాసిడ్ అమ్మడం ఆపేశాను. మా లాభంలో అది మంచి భాగమే, అయినా ఇక తేను. బ్లీచింగ్ పొట్లం మీద ఎర్ర అక్షరాలతో "యాసిడ్‌తో గాని, వేరే ఏ క్లీనర్‌తో గాని కలపరాదు" అని అంటించి ఇస్తున్నాం. మీ ఇంట్లో పాత యాసిడ్ సీసా ఉంటే అది బ్లీచింగ్ ఉన్న అరలో పెట్టకండి. ఎప్పుడైనా పొరపాటున కలిసి ఘాటు వస్తే, కడిగేద్దామని అక్కడే నిలబడకండి. బయటికి వచ్చేయండి, కళ్ళు నీళ్ళతో బాగా కడుక్కుని ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంకోటి, పాత కూల్‌డ్రింక్ సీసాల్లో ఫినాయిల్ పోసివ్వడం కూడా మానేశాం. సీసా ఖర్చు మిగులుతుందని ఇన్నేళ్ళూ అలా చేశాను. దాహంతో వచ్చిన బిడ్డకు అది ఫినాయిల్ అని ఎలా తెలుస్తుంది? ఇక నుంచి పిల్లలు తిప్పలేని మూత ఉన్న కొత్త క్యాన్లే. దానివల్ల లీటరు మీద 8 రూపాయలు పెరుగుతుంది. ఖాళీ క్యాన్ తిరిగిస్తే 5 రూపాయలు తగ్గిస్తాను. పిల్లులు పెంచుకునేవాళ్ళు ఒక్కమాట వినండి: ఫినాయిల్ పిల్లులకు విషం. అవి తిరిగేచోట సబ్బు, ఎండ చాలు.

మొన్న సంక్రాంతి తర్వాత మొదలుపెట్టిన "ఇంటికొచ్చి డబ్బా కడిగే" పని కూడా ఆపాం. అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. అయితే కడిగిన నీళ్ళు పోయడానికి సైడు కాలవ తప్ప దారి లేకపోయింది. ఒక ఇంటి మురికి తీసి పక్కింటి ముందు పారించడం నాకు నచ్చలేదు. ముందే డబ్బులిచ్చిన తొమ్మిది ఇళ్ళకూ ఈ నెలలోనే తిరిగిస్తాను.

వానలు దగ్గర పడ్డాయి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే గట్టి వానలు. 2021లో మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద పట్టణాల్లో పంచిన ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు గుర్తున్నాయా? ఎరుపుది చాలా ఇళ్ళలో మిద్దె మీదే ఉంది, నీళ్ళ కోసమో, మొక్కల కోసమో. డెంగీ దోమ గుడ్లు నీళ్ళలో కాదు, నీటి అంచుకు పైన డబ్బా గోడకు అంటించి పెడుతుంది. నీళ్ళు పారబోసినా గుడ్లు పోవు. నెలల తరబడి ఎండినా బతికే ఉండి, మళ్ళీ వాన పడితే పొదుగుతాయి. శుక్రవారం డ్రైడే, అంటే నిలవ నీళ్ళు పారబోసే రోజు అని చెబుతున్నారు కదా, ఆ రోజు ఊరికే ఒంపేయకుండా పీచుతో గోడలు రుద్దండి, తర్వాత బోర్లించండి.

చివరిగా, పొద్దున్నే చెత్త బండితో వచ్చే అమ్మల గురించి. మా వీధికి వచ్చే ఆమె కుడి అరచేతికి నాలుగు కుట్లు పడ్డాయి, ఎవరో పగిలిన గ్లాసు ముక్కలు కూరగాయల తొక్కల్లో వేశారు. గాజు ముక్కలను అట్టపెట్టెలో పెట్టి విడిగా ఇవ్వండి. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి, తడి చెత్తలో కలపకుండా చేతికివ్వండి. "అన్నా, నువ్వు కడిగిన డబ్బా పట్టుకుంటే నాకు తెలిసిపోతుంది" అంది ఆమె నాతో.

వచ్చే వారం సోమవారం బాలాజీనగర్, బుధవారం మాగుంట లేఅవుట్, శుక్రవారం వేదాయపాళెం వస్తాం. పొడుగు పిడి బ్రష్‌లు తెచ్చాను, 60 రూపాయలు, నేను కొన్న ధరే. పాత కూల్‌డ్రింక్ సీసాల్లో మిగిలిన ఫినాయిల్ ఉంటే పారబోయకుండా గుమ్మం పక్కన ఉంచండి, కొత్త క్యాన్‌లోకి మార్చి ఇచ్చేస్తాను, దానికి డబ్బులేమీ వద్దు.