వాహనాల ఆకారపు రబ్బర్లను (ఎరేజర్లను) భద్రపరచుకోవడం గురించి మనవి

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదులో ఎండలు ముదురుతున్నందున, కార్లు, బస్సులు, రైలింజన్ల ఆకారంలో ఉండే, పెన్సిల్ రాత చెరిపే పాత రబ్బర్లను సేకరిస్తున్న మనమందరం వాటిని దేనిలో దాచామో ఒకసారి తీసి చూసుకోవాలి. వీటిలో చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. ఆ పదార్థాన్ని మెత్తబరచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ అనే నూనెవంటి ద్రవం ఏళ్ల తరబడి మెల్లగా బయటికి వస్తూ, తనకు ఆనుకొని ఉన్న పాలీస్టైరీన్ (గట్టి పారదర్శక డబ్బాలకూ థర్మోకోల్‌కూ వాడే ప్లాస్టిక్) డబ్బాను మెత్తబరచి రబ్బరును దానికి అతికించేస్తుంది, వేడి ఈ పనిని మరింత వేగిరపరుస్తుంది. కొత్త రబ్బరుకు అట్ట తొడుగు ఉండేది కూడా ఇందుకే. కాబట్టి గట్టి పారదర్శక డబ్బాలనూ థర్మోకోల్‌నూ మానుకొని, ఒక్కొక్కదానినీ విడిగా కాగితంలో చుట్టి అట్టపెట్టెలో, ఎండ తగలని చల్లని గదిలో ఉంచండి.

1970ల చివర జపాన్‌లో సూపర్‌కార్ల మోజు పెరిగినప్పుడు వచ్చిన చిన్న కారు రబ్బర్లను పిల్లలు బల్లమీద పెట్టి, బాల్‌పెన్ను వెనుక ఉన్న స్ప్రింగు మీటతో కొట్టి పందేలు ఆడేవారు. రాత చెరపడానికి అవి దాదాపు పనికిరావు. అందువల్ల పందేల్లో అడుగుభాగం అరిగినంత మాత్రాన అలాంటి కారును తీసిపారేయడం సరికాదని, ఆ అరుగుదలే దాని చరిత్ర అని నా గట్టి అభిప్రాయం.

జుమ్మేరాత్ బజార్‌లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో ఏదైనా దొరికితే, స్పిరిట్, థిన్నర్ వంటివి తగలనీయక పలుచని సబ్బునీటితో మాత్రమే తుడిచి, అడుగున ఉన్న ముద్ర స్పష్టంగా కనిపించేలా ఫొటో తీసి ఇక్కడ పంపవలసిందిగా కోరుతున్నాను.