నాన్నది మొండితనం కాదమ్మా

ఫ్రైబుర్గ్ (జర్మనీ), ఆదివారం

అమ్మా,

నేను క్షేమం. ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. ఫోనులో చెబితే పక్కనే ఉన్న నాన్న వింటారని రాస్తున్నాను.

“మీ నాన్న నడుస్తూ నడుస్తూ కావాలనే ఆగిపోతున్నారు, సంక్రాంతి నాడు మాత్రం చక్కగా నడిచారు” అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు బాగాలేదు.

అడుగు వేయాలంటే కాలి కంటే ముందు మెదడు సిద్ధం కావాలి. ఆ సంగతి తేలింది ఈ ఊళ్లోనే. 1964లో ఇక్కడి విశ్వవిద్యాలయంలో కోర్న్‌హూబర్ అనే నరాల వైద్యుడు, ఆయన విద్యార్థి డేకె కొందరి తలకు తీగలు అంటించి, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వేలు కదపమన్నారు. సంకేతాలను టేపు మీద ఎక్కించి, వేలు కదిలిన క్షణం నుంచి టేపును వెనక్కి నడిపి చూశారు. కదలికకు దాదాపు ఒక సెకను ముందే నడినెత్తి దగ్గర విద్యుత్తు మెల్లగా మారుతూ వస్తోంది. మనంతట మనం చేసే పనికి మెదడు చేసుకునే ఏర్పాటది.

నాన్నకున్న పార్కిన్సన్స్ జబ్బులో దెబ్బతినేది ఆ ఏర్పాటే. కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు తగ్గిపోయాయి. వెళ్లాలని ఉంటుంది, కాలిలో బలమూ ఉంటుంది, కానీ మొదటి అడుగు పడదు. గడపల దగ్గర మరీను. కళ్లెదుట గీత కనిపిస్తే మాత్రం మెదడు వేరే దారిన పని నడిపిస్తుంది. సంక్రాంతి ముగ్గు చెరగకుండా ఒక్కో వరస దాటుకుంటూ తులసికోట దాకా వెళ్లారని నువ్వే చెప్పావు కదా!

ఇక్కడి పాతబస్తీ వీధుల్లో సన్నటి నీటికాలువలు పారుతుంటాయి. దాటినప్పుడల్లా నాన్నే గుర్తొస్తారు. పొరపాటున అందులో కాలు పెడితే ఈ ఊరివాళ్లతోనే పెళ్లవుతుందట. కంగారుపడకు, చూసుకునే నడుస్తున్నాను.

ఆయన్ని చెయ్యి పట్టి లాగకు, పడిపోతారు. వంటింటి గడప ముందు అడుగుకొకటి చొప్పున రంగు టేపు అడ్డంగా అతికించమని అన్నయ్యకు చెప్పు. లేదా “ఒకటి, రెండు” అని నువ్వే లెక్కపెట్టు. అందరికీ ఒకేలా పనిచేయదు, చూడాలి. మాత్ర పప్పన్నంతో పాటు వేస్తున్నావా? పప్పు, పెరుగులోని మాంసకృత్తులు దాన్ని సరిగా ఒంటబట్టనివ్వవు. తిండికి ఎంత ముందు వేయాలో డాక్టరుగారిని అడుగు.

అంత దూరాన కూర్చుని పాఠాలు చెబుతున్నానంటావు. రాత్రిళ్లు ఆయన్ని మంచం మీద పక్కకు తిప్పేది నువ్వే, తెలుసు. అందుకే సాయానికి మనిషిని పెట్టుకోమంటున్నాను. డబ్బు సంగతి ఎత్తకు.

నీ మోకాలి సంగతి ఒక్క ముక్క రాయవేం? చిన్నత్తను అడిగి తెలుసుకుంటాను.

నీ చిన్ని