పోయిన రిజిస్టర్‌లో మనుషుల పేర్లున్నాయి, హోంమంత్రి గారూ

గౌరవనీయులైన రాష్ట్ర హోంమంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి నమస్కారాలు. ఇది నా నాలుగో అర్జీ. ముందు మూడింటికీ రసీదులున్నాయి, జవాబులు లేవు. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

మా మానవ హక్కుల సంఘం ఆఫీసంటే మేడ మీద ఒక గది. ఆషాఢంలో ఒక పొద్దున్నే కింది వాటా పిన్నిగారు ఫోన్ చేసి, "అమ్మా, మీ తలుపు బార్లా తీసుంది, రాత్రి ఇక్కడే పడుకున్నారా?" అన్నారు. వెళ్లేసరికి గొళ్లెం ఊడి గడప దగ్గర పడి ఉంది. టీ ఖర్చుల డబ్బాలో పన్నెండు వందలూ అలాగే ఉన్నాయి. పోయినవి రెండే: కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్, ఫిర్యాదుల రిజిస్టర్.

స్టేషన్‌లో మొదటి ప్రశ్న, "పోయిన సొత్తు విలువెంత?" డిస్క్ మూడు వేలు, రిజిస్టర్ నూట ఇరవై. అంతే రాసుకుని చిల్లర దొంగతనమన్నారు.

ఆ రిజిస్టర్‌లో ఏముందో ఎవరూ అడగలేదండీ. పరవాడ వైపు ఫ్యాక్టరీ ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్నావిడ ఫోన్ నంబరుంది. పాడేరు బస్సు దిగి సరాసరి మా మెట్లెక్కిన గిరిజన అమ్మాయిల ఊళ్ల పేర్లున్నాయి. కొట్టే భర్త నుంచి తప్పించుకున్న ఒకావిడ తలదాచుకున్న ఇంటి చిరునామా ఉంది. "మీ పేరు బయటికి రాదమ్మా" అని మాటిచ్చి రాసుకున్నదాన్ని నేనే. ఆ వారమంతా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జాగ్రత్త చెప్పాను. ఆ చివరి ఆవిడ చాలాసేపు పలకలేదు. తర్వాత, "ఇంకెవర్ని నమ్మాలి మేడం?" అంది.

పోలీసులు సీసీ కెమెరా పెట్టుకోమన్నారు, ఆఫీసుకీ ఇంటికీ పెట్టుకున్నాం. గ్రిల్ బిగించాం. రిజిస్టర్‌లో ఇప్పుడు పేర్ల బదులు నంబర్లే రాస్తున్నాం. మా చేతిలో ఉన్నవన్నీ చేశాం. ముఖానికి రుమాలు కట్టుకుని బండి మీద ఇద్దరు మా ఇంటి వీధి చివర నిలబడటం కెమెరాలో కనిపిస్తోంది. ఆ బండి ఎవరిదో తేల్చాల్సింది పోలీసులే కదా! ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. ఎప్పుడడిగినా "చూస్తాం" అంటున్నారు. సముద్రపు గాలి కోసం రాత్రి దాకా కిటికీలు తీసి ఉంచే మా అమ్మ, ఇప్పుడు పొద్దు గుంకకముందే గడియలు వేసేస్తోంది.

మా భయం కొత్తది కాదు. 1985లో వరంగల్‌లో పౌరహక్కుల నాయకుడు డాక్టర్ రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకంలో ఇంటికి కెమెరాలు, అలారం, గస్తీ అన్నీ ఉన్నాయి. ఆ సాక్షి ధైర్యం చేసి మొదట తలుపు తట్టేది మాలాంటి వాళ్ల ఆఫీసులనే. మాకెందుకు లేదు ఆ రక్షణ? ఊరెళ్లినవాళ్ల తాళం వేసిన ఇళ్లకు కెమెరా పెట్టి చూసుకునే ఎల్‌హెచ్‌ఎంఎస్ మీ శాఖదే, చాలా మంచి ఏర్పాటు. అలాంటిదే మాకూ ఇవ్వండి.

రాత్రి బీట్‌లో మా ఆఫీసునీ, మా ఇళ్లనీ చేర్చించండి. ఫోన్ చేస్తే పలికే ఒక అధికారిని జిల్లాకొకరిని పెట్టండి. ఇది నా ఒక్కదాని కోసం కాదు, ఈ పని చేసే అందరి కోసం. దండం పెట్టి అడుగుతున్నాను, అన్నిటికంటే ముందు ఆ రిజిస్టర్ ఎవరి చేతిలో ఉందో కనిపెట్టించండి.

ఆవిడ మళ్లీ ఇల్లు మారింది. ఈసారి చిరునామా నాక్కూడా చెప్పలేదు.

భవదీయురాలు,
ఒక మానవ హక్కుల కార్యకర్త,
విశాఖపట్నం