కొవ్వొత్తి కనబడితే క్షుద్రపూజేనా?

సంపాదకులకు నమస్కారం.

మా పాప తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో ఉంటుంది. పోయిన నెల ఒక రాత్రి వార్డెన్ ఫోన్ చేసి, "మీ అమ్మాయి చేతబడి నేర్చుకుంటోంది, వెంటనే రండి" అన్నారు. తెల్లారకముందే చిత్తూరులో మొదటి బస్సు ఎక్కాం. దారి పొడుగునా మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

ఆఫీసు గదిలో పాప వస్తువులు టేబుల్ మీద పరిచిపెట్టారు. సగం కరిగిన తెల్ల కొవ్వొత్తి, స్టీలు గిన్నెలో రాళ్లుప్పు, వాడిపోయిన మరువం రెమ్మ, ఒక నోటుబుక్కు. అందరిముందూ ఆ నోటుబుక్కు తెరిచాను. పేజీకో చంద్రుణ్ణి పెన్సిల్‌తో గీసి కింద తేదీ వేసుకుంది. "ఈరోజు మబ్బు, కనబడలేదు" అని ఒకచోట రాసుంది. "పరీక్ష టెన్షన్. ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చున్నా" అని ఇంకోచోట. ఎవరి పేరూ లేదు. ఎవరికీ కీడు తలచిన మాట ఒక్కటీ లేదు.

కొవ్వొత్తి విషయంలో మాత్రం తప్పు పాపదే. దుప్పట్లు, పుస్తకాలు ఉన్న గదిలో మంట పెట్టకూడదు. దానికి ఫైన్ వేసుంటే నేను నోరెత్తేదాన్ని కాదు. కానీ మూడు రోజుల తర్వాత ఒక పత్రికలో "లేడీస్ హాస్టల్లో క్షుద్రపూజల కలకలం" అని వచ్చింది. పేరు వేయలేదు గానీ కాలేజీలో తెలియనివాళ్లు లేరు. పక్క మంచం అమ్మాయి గది మార్చుకుని వెళ్లిపోయింది. మా పాప వారం రోజులు మెస్సుకు పోలేదు.

పాప చదువుతున్నది విక్కా గురించి. ఆ పేరు నేనూ అప్పుడే విన్నాను. ఆ తర్వాత కూర్చుని నాకు దొరికినంత చదివాను. ఇది ఇంగ్లండులో పుట్టిన కొత్త మతం. 1735 నాటి మంత్రవిద్యల చట్టాన్ని అక్కడ 1951లో రద్దు చేశాక, మలయాలో (ఇప్పటి మలేసియాలో భాగం) కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్‌నర్ దీన్ని బయటి లోకానికి చెప్పాడు. ప్రకృతిని దేవతగా, దేవుడుగా కొలుస్తారు. ఏడాదిలో రుతువులను బట్టి ఎనిమిది పండుగలు, పౌర్ణమికి పూజ. ఎవరికీ హాని చేయకుండా నీకు నచ్చింది చేయి అన్నది వాళ్లకు పెద్ద నియమం. అందులో చేరమని నేను ఎవరికీ చెప్పను, నా నమ్మకం నాకుంది. మన తిరుపతి గంగజాతరలో మగవాళ్లు చీర కట్టి వేషం వేస్తే చేతులెత్తి మొక్కుతాం. ఊరు తెలియనివాడెవడో వచ్చి అది క్షుద్రపూజ అని రాస్తే మనం ఊరుకుంటామా?

భయం నాకు లేదని కాదు. 2021 జనవరిలో మదనపల్లెలో చదువుకున్నవాళ్ల ఇంట్లోనే మూఢనమ్మకాలకు ఇద్దరు ఆడబిడ్డలు హతమైన సంగతి మా జిల్లాలో ఏ తల్లీ మరిచిపోలేదు. అందుకే బస్సులో ఆ రెండు గంటలూ నా గుండె నా చేతిలో లేదు. కానీ చేతబడి అన్న మాట కూడా ప్రాణాలు తీస్తుంది. ఆ అనుమానంతోనే ఎందరో ఆడవాళ్లను కొట్టారు, ఊళ్లలోంచి వెళ్లగొట్టారు, చంపారు. ఒక స్త్రీని మంత్రగత్తె అని ముద్ర వేయడమే నేరమని బిహార్‌లో 1999లో, జార్ఖండ్‌లో 2001లో చట్టాలు చేసింది ఇందుకే.

పిల్లలు నిజంగా ప్రమాదంలో పడేది ఇంకోచోట. హాస్టల్ పిల్లలను అడిగితే తెలిసింది. విక్కా దీక్ష ఇస్తామని, కోరుకున్న అబ్బాయిని వశం చేసిపెడతామని ఫోన్లో డబ్బులడిగేవాళ్లున్నారట. గార్డ్‌నర్ సంప్రదాయంలో దీక్షకు డబ్బు పుచ్చుకోరు. చాలాచోట్ల కొత్తగా వచ్చినవాళ్లు ఒక ఏడాదీ ఒక రోజూ నేర్చుకున్నాకే దీక్ష. వశీకరణం మాట ఎత్తినవాడు వాళ్ల మొదటి నియమాన్నే తప్పినట్టు. ఇవి పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. పత్రికలు రాయాల్సింది ఇవి.

మీకు నా విన్నపం ఒక్కటే. నేరం జరిగిందని పోలీసులు కేసు కట్టేదాకా "క్షుద్రపూజలు" అన్న మాట వార్తల్లో వాడకండి. గదిలో ఏం దొరికిందో అదే రాయండి, కొవ్వొత్తి దొరికితే కొవ్వొత్తి అని, ఉప్పు దొరికితే ఉప్పు అని. ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగి రాయండి.

పాప నోటుబుక్కు ఇంకా ఆ కాలేజీ బీరువాలోనే ఉంది. రెండుసార్లు అడిగాను, ఇవ్వలేదు. దాన్ని తిరిగి ఇవ్వమని ఈ ఉత్తరం ద్వారా మళ్లీ అడుగుతున్నాను.

– ఒక తల్లి, చిత్తూరు