ఫోనెత్తని నానికి

చి. నానికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. అత్తయ్య మోకాలు అలాగే ఉంది. నువ్వు ఫోనెత్తక ఇరవై రోజులు. పనుంటుందిలే. మొన్న నరసరావుపేటలో సుబ్బయ్య మామ కలిసి, బయో మందులకు, అదే నువ్వు అమ్మే సముద్రపు నాచు రసాల్లాంటి వాటికి, పర్మిషన్లు పోయాయట, మీవాడి ఉద్యోగం ఉందా అన్నాడు. ఉందన్నాను. ఉందా?

మిరప పూతకొచ్చింది. నువ్వు చెప్పిన నాచు మందు నాలుగు సాళ్లు వదిలి మిగతాదానికి కొట్టాం. కొట్టినచోట మొక్క ఎండకి వాడిపోలేదు. లాభమో కాదో కల్లంలో తేలాలి. డ్రమ్ములో పేడ, బెల్లం కలిపే జీవామృతం మానలేదు. 200 లీటర్లకి 2 కిలోల బెల్లం పడుతుంటే మీ అమ్మ గొణుగుతోంది.

నల్ల తామర పురుగొచ్చిన 2021 గుర్తుందా? డీఏపీ ఎరువుకి వెళ్తే కొట్టాయన లింకు పెట్టాడు, నాచు రసం సీసా కొంటేనే బస్తా అని. మీ బాబాయి రెండు సీసాలు తెచ్చాడు. మీద ఆకు బొమ్మ, సేంద్రియం అని అక్షరాలు. కొట్టిన రెండోరోజుకి పురుగు రాలింది. బాబాయి సంబరం చూడాలి, ఊరంతా చెప్పి, మళ్లీ వెళ్లి అప్పుమీద ఆరు తెచ్చి మూడెకరాలూ తడిపాడు. నువ్వు బాపట్ల హాస్టల్ నుంచి ఫోన్లో, "నాన్నా, నాచు రసం పురుగుని చంపదు, చంపిందంటే అందులో పురుగుమందు కలిపినట్టే" అన్నావు. వారానికి పురుగు మళ్లీ వచ్చింది, పూత రాలింది. ఆ ఏడు కోతకూలీ ఖర్చు కూడా రాలేదు. ఖాళీ సీసా ఒకటి ఇప్పటికీ పాకలో ఉంది, పారెయ్యనివ్వడు.

ఈ బయో మందులు 30,000 రకాలు అమ్మేవాళ్లట, అవి 650కి వచ్చాయని కేంద్ర వ్యవసాయ మంత్రి చెప్పినట్టు 2025 జులైలో పేపర్లో చదివాను. వాటిలో పురుగుమందు 0.01 పీపీఎం, అంటే పది కోట్లలో ఒక వంతు, దాటకూడదని రూలు పెట్టారుగా. మంచిదే. మీది ఆ 650లో ఉందా అని నేనడగను. లేకపోతే ఇంటికి రా, పొలం ఎక్కడికీ పోలేదు. ఉంటే మాత్రం, టార్గెట్ అని రైతుకి లింకు పెట్టించకు. బలం లేని నేలకి ఈ మందొక్కటే చాలని చెప్పకు. తోడు ఎంత మంచిదైనా ముందు పాలుండాలి కదా. ఇవన్నీ నాకు నువ్వు చెప్పినవే, మళ్లీ నీకే చెబుతున్నాను.

స్ప్రే చేసి చూపించేటప్పుడు మాస్కు పెట్టుకో. బళ్లారిలో నీళ్లు పడకపోతే కాచుకుని తాగు.

డ్రమ్ముకి పోగా మిగిలిన బెల్లంతో అమ్మ సున్నుండలు చేసి బస్సు పార్సిల్లో వేసింది. అవి అందగానే ఫోన్ చెయ్యి. పార్సిల్ చేరిందో లేదో తెలియాలి కదా, అందుకే.

మీ నాన్న